పిల్లల నులిపురుగుల ‘నేచురల్’ చూర్ణం: రెండు స్టార్లు, అవి కూడా పొడికి కాదు

రేటింగ్: 5కి 2. ఒకటి ప్యాకింగ్‌కి, ఇంకొకటి చెప్పిన రోజుకే మూడో అంతస్తు ఎక్కి తెచ్చిచ్చిన డెలివరీ అబ్బాయికి. లోపలున్న పొడికి ఎన్ని ఇవ్వాలో నాకు తేలలేదు. అందులో ఏది ఎంత కలిపారో తయారు చేసినవాళ్లే రాయకపోతే నేనేం తేల్చను?

బ్రాండ్ పేరు రాయడం లేదు. ఇదే ఆకుపచ్చ డబ్బా, ఇవే మూలికలు, ఇవే మాటలతో ఆన్‌లైన్‌లో బోలెడు ఉన్నాయి, ఒకరి పేరు రాస్తే మిగతా వాళ్లందరూ బుద్ధిమంతులు అయిపోతారు. మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే చేతిలో పట్టుకుని, తిప్పి చూసుకుంటూ చదవండి, చాలు.

నేనెవరినంటే, ఒక మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్నే మా బెంచి మీదికి వచ్చేవి మోషన్ శాంపిల్సే. అన్నం దగ్గర ఆ ఊసెత్తితే మా ఆయన కంచం పట్టుకుని హాల్లోకి వెళ్లిపోతాడు. కాబట్టి పురుగుల గుడ్లు చూడటం నాకు అలవాటైన పని, ఆయుర్వేదం మీద నాకు పగేమీ లేదు, మా ఇంట్లో కరక్కాయ, వాము, శొంఠి ఎప్పుడూ ఉంటాయి.

మా ఆడపడుచు కూతురికి నాలుగేళ్లు. రాత్రయితే చాలు కింద దురద అని ఏడుపు, నిద్ర లేదు, పగలంతా చిరాకు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఈ చూర్ణం లింకు పెట్టారట, 100 గ్రాములు 249 రూపాయలు. తెప్పించేసి, సగం డబ్బా అయ్యాక నాకు ఫోన్ చేసి “వదినా, ఆకులే కదా, ఇంకో కోర్సు వేయొచ్చా?” అని అడిగింది. మామూలుగా అందరూ అడిగే ప్రశ్నే. నేను కూడా ఒక డబ్బా తెప్పించుకున్నాను, చూద్దాం ఏముందో అని.

ముందు మంచి చెప్తాను. సీలు గట్టిగా ఉంది, పొడి పొడిగానే ఉంది, ఎక్కడా ఉండలు కట్టలేదు, పురుగు పట్టలేదు (పురుగుల మందుకి పురుగు పడితే ఇంకేం చెప్పాలి). వాసన ఘాటుగా, వాము ముందు తెలిసేలా ఉంది. చేదు మాత్రం మామూలు చేదు కాదు, తేనెలో కలిపినా పిల్ల ఉమ్మేసిందంటే తప్పు పిల్లది కాదు.

ఇక లేబుల్. వాయువిడంగాలు, మోదుగ గింజలు, వేపాకు, వాము, సునాముఖి, కరక్కాయ అని ఆరు పేర్లు ఉన్నాయి. ఒక్కోటి ఎన్ని మిల్లీగ్రాములో లేదు, మొక్కల శాస్త్రీయ నామాలు లేవు. లైసెన్స్ నంబరు ఎక్కడా అని వెతికితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కనిపించింది, అంటే ఇది ఆహారం కింద అమ్ముతున్నారు! మందుగా అమ్మే ఆయుర్వేద సరుకైతే డబ్బా మీద ఆయుర్వేదిక్ మెడిసిన్ అని ఉండాలి, తయారీ లైసెన్స్ నంబరు ఉండాలి, బ్యాచ్ నంబరు ఉండాలి, ఏ మూలిక ఎంతో ఉండాలి, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 161వ రూల్ చెప్పేది అదే. ఆహారం లైసెన్స్ మీద అమ్మేది జబ్బు తగ్గిస్తుందని చెప్పుకోకూడదు. ఈ డబ్బా ముందు వైపు చూస్తే “కడుపులోని అన్ని రకాల పురుగులను సమూలంగా, శాశ్వతంగా నిర్మూలిస్తుంది” అని ఉంది. వెనక వైపు ఆహారం, ముందు వైపు మందు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అంటే ఇదే.

మోతాదు: “పిల్లలకు అర చెంచా, పెద్దలకు ఒక చెంచా, 15 రోజులు”. ఏ పిల్లలకి? ఏడాది పిల్లకీ పదేళ్ల వాడికీ ఒకటేనా? ఏ చెంచా? మా ఇంట్లోనే టీ చెంచా, ఉప్మా చెంచా, పోపుల పెట్టె చెంచా అని మూడు సైజులు ఉన్నాయి.

నా గొడవ ‘ఇది పని చేయదు’ అని కాదు. ఇక్కడ చాలామంది డాక్టర్లు పొరబడేది, అమ్మేవాళ్లు సొమ్ము చేసుకునేది ఈ చోటే. వాయువిడంగాలు, మోదుగ గింజలు పురుగుల మీద పని చేసే సరుకులే, మన వైద్యులు వందల ఏళ్లుగా ఊరికే వాడలేదు. విడంగాల్లో పురుగుల మీద పని చేసే ఎంబెలిన్ అనే పదార్థం ఉంటుంది. మోదుగ గింజల్లో పలాసోనిన్ ఉంటుంది, ఒంటి మీద బొబ్బలెక్కించే పురుగుల్లో దొరికే కాంథరిడిన్‌కి అది దగ్గరి చుట్టం, దానంత విషం కాకపోయినా. పురుగుని చంపే పదార్థం అంటే మందు. మందు అన్నాక ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి వద్దు అనేవి ఉండి తీరాలి. ఇవి లేకుండా ‘నేచురల్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎలా?

వాము సంగతే తీసుకోండి, దీని కథ నాకు భలే ఇష్టం. 1909 నుంచి 1914 దాకా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ వాళ్లు కొంకి పురుగుల మీద పెద్ద ఎత్తున పని చేశారు. చెప్పుల్లేని కాళ్ల లోంచి దూరి, పేగుకి పట్టుకుని రక్తం తాగే పురుగు అది. అప్పుడు వాళ్లిచ్చిన ముఖ్యమైన మందు థైమాల్. ఆ థైమాల్ ఎక్కడిదంటే మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశం నుంచి వాము గింజలు జర్మనీకి వెళ్లేవి, అక్కడ అందులోంచి తీసేవాళ్లు. అంటే మన పోపుల పెట్టెలో ఉన్న వామే ఆ మందుకి ముడి సరుకు. “చూశావా, మా అత్తగారు చెప్పినట్టు వాము పురుగుల్ని చంపుతుంది” అనేయకండి, ఆగండి. పెద్దవాళ్లకి సుమారు 4 గ్రాముల దాకా థైమాల్ ఇచ్చేవాళ్లు. వాములో నూనె 2 నుంచి 4 శాతం, అందులో సగం థైమాల్ అనుకుందాం. చెంచా నిండా, 5 గ్రాముల వాము నమిలితే, నూనె 3 శాతం లెక్కన మీకు దక్కేది 75 మిల్లీగ్రాములు, అంటే ఆ మోతాదులో యాభయ్యో వంతు కూడా కాదు. పోనీ ఆ 4 గ్రాములే తీసుకుందామంటే, మందుకి ముందూ తర్వాతా భేది ఉప్పు ఇచ్చేవాళ్లు, ఆ రోజు నూనె, నెయ్యి, సారా ముట్టనిచ్చేవాళ్లు కాదు, ఎందుకంటే వాటితో కలిస్తే థైమాల్ ఒంట్లోకి ఎక్కువగా పోయి మనిషికే విషమవుతుంది. దానితో ప్రాణాలు పోయిన వాళ్లు కూడా ఉన్నారు. కాబట్టి ఈ డబ్బాలోని అర చెంచా చూర్ణంలో ఆరింట ఒక వంతు వాము ఉన్నా, అది కడుపుబ్బరానికి పనికొస్తుందేమో గానీ పురుగు దాన్ని పట్టించుకోదు.

విడంగాలకి ఇంకో చిక్కు ఉంది, అసలు అవి విడంగాలేనా అని. పోల్చి చూద్దామని బేగంబజార్‌లో ఒక మూలికల కొట్టుకి వెళ్లి కాయలు కాయలుగానే కొన్నాను. మిరియాల్లాగా ఉంటాయి, వాటి కంటే కొంచెం చిన్నవి, ఎర్రటి గోధుమ రంగు, పైన గరుకు, కింద సన్నటి తొడిమ, దాని దగ్గర చిన్న అయిదు రేకుల తొడుగు అంటుకుని ఉంటుంది. ఒకప్పుడు మిరియాల్లో కల్తీకి వీటిని కలిపేవాళ్లంటే ఆశ్చర్యం లేదు. కొట్టాయన నిజాయితీపరుడు, “అడవి సరుకమ్మా, ఒకే చెట్టుది అని నేను చెప్పలేను, వచ్చింది వచ్చినట్టు అమ్ముతా” అన్నాడు. అసలు విడంగం ఎంబీలియా రైబిస్. దాని పేరు మీద ఎంబీలియా సెరియమ్-కోటమ్, మిర్సిన్ ఆఫ్రికానా, మీసా ఇండికా అనే వేరే మొక్కల కాయలు కూడా బజార్లో తిరుగుతున్నాయని మూలికల మీద పరిశోధన చేసేవాళ్లు ఎప్పటి నుంచో రాస్తున్నారు. కాయ ఉంటే చూసి పట్టుకోవచ్చు, పొడి కొట్టాక ఏం పట్టుకుంటాం? డబ్బాలోని పొడిని ఈథర్‌లో నానబెట్టి, వడగట్టి, పల్చటి అమ్మోనియా చుక్కలు వేశాను. ఊదా రంగు తిరిగింది, అంటే ఎంబెలిన్ ఉన్నట్టే. కానీ మిర్సిన్‌లోనూ ఎంబెలిన్ ఉంటుంది కాబట్టి ఏ మొక్కో ఆ రంగు చెప్పదు. డబ్బా వాళ్లు శాస్త్రీయ నామం రాసి, బ్యాచ్ టెస్ట్ రిపోర్ట్ పెడితే నాకీ వంటంతా తప్పేది.

ఎంబెలిన్ గురించి ఇంకో మాట. 1985లో వచ్చిన ఒక పరిశోధనలో విడంగాలు, ఇథియోపియాలో పురుగులకి వాడే కోసో చెట్టు, ఈ రెండిటినీ కోడిపిల్లల మీద పరీక్షిస్తే చూపు దెబ్బతింది, రెటీనా పాడైంది. కోడిపిల్లలు కోడిపిల్లలే, మనుషులు కాదు, దీన్ని పట్టుకుని మీ పాపకి కళ్లు పోతాయని నేను భయపెట్టడం లేదు. 15 రోజులు వేసి, తగ్గకపోతే ఇంకో 15 రోజులు వేయమనే కస్టమర్ కేర్ వాళ్లకి ఇలాంటిది ఒకటుందని తెలుసా అనేదే నా టెన్షన్.

రివ్యూలు చదివారా ఈ ప్రొడక్ట్ కింద? నాలుగున్నర స్టార్లు! సగం మంది “రెండో రోజే మురికంతా బయటికి వచ్చేసింది, సూపర్” అని రాశారు. రాదా మరి, సునాముఖి వేశారు కదా. అది విరేచనాల ఆకు, ఏ పురుగూ లేని మనిషికి వేసినా కడుపు ఖాళీ అవుతుంది. దాన్ని పురుగుల మందు పని చేసిందనడానికి రుజువుగా లెక్కేస్తున్నారు. విరేచనాల మందు డాక్టర్ చెప్పకుండా వారం మించి వాడొద్దంటారు, ఇక్కడ నాలుగేళ్ల పిల్లకి 15 రోజులు. మా ఆడపడుచు కూతురికి రెండో రోజు నుంచి నీళ్ల విరేచనాలే, నాలుగో రోజుకి మొహం పీక్కుపోయింది. ఇంకొందరు ఫోటోలు పెట్టారు, పొడుగ్గా తాడులాగా వచ్చిందని. నా వృత్తి రీత్యా జూమ్ చేసి చూశాను, క్షమించండి. అది జిగట. పేగుల్లోని మ్యూకస్ విరేచనాలప్పుడు తాళ్లలాగా వస్తుంది. ఏలికపాము వస్తే తెలిసిపోతుంది, నున్నగా, గుండ్రంగా, రెండు చివర్లా సన్నబడి, లేత గులాబీ రంగులో జానెడు ఉంటుంది, దాన్ని చూసిన వాళ్లెవరూ ‘తాడులాగా’ అని రాయరు, ముందు కేక పెడతారు.

అసలు ఏ పురుగు? దీన్ని ఎవరూ అడగరు. ఏలికపాములు వేరు, కొంకి పురుగులు వేరు, కొరడా పురుగులు వేరు, రాత్రి దురద పెట్టే సూది పురుగులు వేరు, బద్దె పురుగు మరీ వేరు. మందు పని చేసిందా లేదా తెలియాలంటే వేయక ముందు గుడ్లు లెక్కపెట్టాలి, వేశాక మళ్లీ లెక్కపెట్టాలి. మా దగ్గర కేటో-కాట్జ్ అని ఒక పద్ధతి ఉంది, ప్లాస్టిక్ అచ్చులోని చిల్లు నింపితే 41.7 మిల్లీగ్రాముల మోషన్ పడుతుంది, అందులో కనిపించిన గుడ్లని 24తో గుణిస్తే గ్రాముకి ఎన్నో వస్తాయి. ఏలికపాము గుడ్డు మైక్రోస్కోపులో ముచ్చటగా ఉంటుంది, గోధుమ రంగు, చుట్టూ బుడిపెలు. కొంకి పురుగు గుడ్లకి మాత్రం తొందర, స్లైడు చేసిన అరగంట, గంట లోపల చూడకపోతే స్లైడు తయారీలో వాడే గ్లిజరిన్‌కి కరిగి మాయమైపోతాయి, టీ తాగి వద్దాం అనుకుంటే రిపోర్టు ‘నిల్’ అయిపోతుంది. ఇంత చాకిరీ ఉంది వెనక. “మా వెయ్యి మంది కస్టమర్ల అనుభవం” అంటే సరిపోదు.

పాపది దురద కాబట్టి మోషన్ టెస్ట్ కంటే టేప్ టెస్ట్ మేలు అని చెప్పాను. పొద్దున్న లేవగానే, కడగక ముందే, పారదర్శకమైన సెల్లో టేపు అక్కడ అద్ది స్లైడు మీద అంటించి తెచ్చింది. ఒక పక్క బల్లపరుపుగా, ఇంకో పక్క ఉబ్బెత్తుగా గాజులాంటి గుడ్లు వరసగా కనిపించాయి. సూది పురుగులే. ఈ చూర్ణం 15 రోజుల కోర్సు ‘శాశ్వతంగా’ పూర్తయ్యాక తీసిన టేపు అది. ముందు టేపు తీయలేదు కాబట్టి కొన్ని తగ్గాయేమో నేను చెప్పలేను, చెప్పను. కానీ శాశ్వతం అనే మాట ఏ మందుకీ చెల్లదు. ఈ పురుగుల గుడ్లు గోళ్ల సందుల్లో, దుప్పట్లలో, బొమ్మల మీద రెండు మూడు వారాలు బతుకుతాయి, పిల్ల గోక్కుని వేలు నోట్లో పెట్టుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే డాక్టర్లు ఇచ్చే పురుగుల మాత్ర అల్బెండజోల్ కూడా సూది పురుగులకి ఒకసారి వేసి, రెండు వారాలకి మళ్లీ వేస్తారు, ఇంట్లో అందరూ వేసుకోవాలి, పక్కబట్టలు వేడి నీళ్లలో ఉతకాలి, గోళ్లు కత్తిరించాలి. పిల్లల డాక్టర్ కూడా ఇదే చెప్పారు. మా అత్తయ్య “నాకెందుకే ఈ వయసులో” అని కాసేపు గునిసి, మాత్ర నమిలేశారు.

అల్బెండజోల్‌ని కూడా ఆకాశానికి ఎత్తను. 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్క డోసుకి ఏలికపాములు నూటికి 95 మందిలో పోతాయి, కొంకి పురుగులు 80 మందిలో, కొరడా పురుగులు మాత్రం 30 మందిలోనే. ఇంత తక్కువా అంటే తక్కువే. కానీ ఆ తక్కువ కూడా కొలిచి చెప్పిన తక్కువ. కొందరు పిల్లలకి కడుపునొప్పి, వాంతి, తల తిరగడం ఉంటాయి, కడుపులో పురుగులు ఎక్కువున్న వాళ్లకి కొంచెం ఎక్కువగా. గర్భిణులకి మొదటి మూడు నెలల్లో వద్దు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకి సగం మాత్ర, మూడేళ్ల లోపు పిల్లలకైతే నలిపి నీళ్లలో కలిపి ఇవ్వాలి, గొంతుకి అడ్డం పడకుండా. చూశారా, ఎవరికి ఎంత, ఎవరికి వద్దు, ఏమవుతుంది, అన్నీ రెండు లైన్లలో అయిపోయాయి. మందుల షాపులో మాత్ర పది రూపాయల చుట్టూ ఉంటుంది. 2015 నుంచి నేషనల్ డీవార్మింగ్ డే పేరుతో 1 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మామూలుగా ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టు 10న, మన రెండు రాష్ట్రాల్లోనూ. ఆ రోజు పిల్లని బడి మాన్పించి, ఇంటికొచ్చాక 249 రూపాయల చూర్ణం పెట్టేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

మూలికల మీద సరైన పరీక్షలు జరగవా అంటే జరుగుతాయి. 2007లో నైజీరియాలో ఎండబెట్టిన బొప్పాయి గింజల పొడిని తేనెలో కలిపి 30 మంది పిల్లలకి ఇచ్చి, ఇంకో 30 మందికి ఉత్త తేనె ఇచ్చి, వారం తర్వాత మోషన్ చూశారు. గింజలు తిన్నవాళ్లలో 23 మందికి, తేనె తిన్నవాళ్లలో 5 మందికి పురుగులు పోయాయి. చిన్న పరీక్షే, దాన్ని పట్టుకుని ఊరంతా బొప్పాయి గింజలు తినమనలేం. కానీ పద్ధతి చూడండి, పక్కన ఉత్త తేనె వాళ్లని పెట్టుకున్నారు, లెక్కపెట్టారు, రాశారు. మన విడంగాలకి, మన మోదుగ గింజలకి ఇలాంటివి పెద్ద ఎత్తున చేసి, ఫలితాలు డబ్బా మీద వేస్తే మొదట కొనేది నేనే.

రివ్యూల్లో ఒకావిడ “రెండు చుక్కలు వేపనూనె కూడా తాగిస్తే త్వరగా పోతాయి” అని సలహా ఇచ్చింది, దానికి బోలెడు లైకులు. దయచేసి వద్దు. వేపనూనె తాగించిన పసిపిల్లలకి వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి, మెదడు, కాలేయం దెబ్బతిన్న కేసులు మలేసియా డాక్టర్లు 1981లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వేపాకు పచ్చడి వేరు, గింజల నూనె వేరు.

ఇంకో సంగతి, దీన్ని అమెరికాలో ఉన్న మా చిన్నాడపడుచుకి సూట్‌కేసులో పంపుదామని కూడా అనుకున్నారు. అక్కడ 2004లో వచ్చిన ఒక పరిశోధనలో బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే అయిదింట ఒక దాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది, 2008లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఇంటర్నెట్‌లో కొన్న 193 మందుల్లోనూ దాదాపు అదే వంతు. కొన్నిట్లో అవి కల్తీ కాదు, మందు తయారీ పాఠంలోనే, అంటే ఏం కలపాలో చెప్పే పాత పుస్తకాల్లోనే ఉంటాయి. కృమిముద్గర రసం అనే పాత పురుగుల మందులో పాదరసం, గంధకం, విషముష్టి గింజలు ఉంటాయి, అందుకే దాన్ని వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద హెచ్చరిక వేయాలి. నేను చూసిన ఈ చూర్ణంలో అలాంటివి ఉన్నట్టు రాయలేదు. ఉత్త మూలికలకైతే సీసం 10 పీపీఎం (అంటే పది లక్షల వంతుల్లో 10), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. ఈ నాలుగు అంకెలు బ్యాచ్ వారీగా చూపించమని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టాను. “మా ఉత్పత్తి 100 శాతం సహజం, ఎలాంటి దుష్ప్రభావాలు లేవు” అని జవాబు వచ్చింది, కింద ఒక నమస్కారం బొమ్మతో. మళ్లీ రాస్తే టెస్ట్ రిపోర్ట్ బయటికి ఇవ్వడం కంపెనీ పాలసీ కాదట.

ఎవరికైనా ఇలాంటివి వాడాక వాంతులు, విరేచనాలు, దద్దుర్లు, కళ్లు పచ్చబడటం లాంటివి వస్తే డాక్టర్‌కి డబ్బా చూపించండి, డబ్బా పారేయకండి. మందుల దుష్ప్రభావాలు చెప్పడానికి 1800-180-3024 అని ఒక టోల్ ఫ్రీ నంబరు ఉంది, చదువుకున్న వాళ్లకే చాలామందికి తెలియదు.

పాపకి రెండో డోసు అయ్యింది, టేపు శుభ్రంగా ఉంది, రాత్రిళ్లు పడుకుంటోంది. సీలు తీసిన డబ్బా వెనక్కి తీసుకోరట, అది ఆహార పదార్థం కాబట్టి. రిఫండ్ వస్తుందిలే అని మాత్రం ఆర్డర్ పెట్టకండి.